నోటుబుక్కులో అన్నీ రైటు, పరీక్షలో తొమ్మిది

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక గృహిణి రాశారు. పుట్టిల్లు పార్వతీపురం. బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి, పెళ్లికి ముందు కొన్నాళ్లు ఒక ప్రైవేటు హైస్కూల్లో పాఠాలు చెప్పారు. పెళ్లయి ఇటు వచ్చాక, ఒడియా రాయడం రాదని, పాప చిన్నదని ఉద్యోగం మాట పక్కకు పోయింది. కరోనా రోజుల్లో బళ్లు మూసేసినప్పుడు పక్కవాటా పిల్లాడు లెక్క ఫొటో తీసి పంపితే చేసిపెట్టారు. వాడు ఇంకొకడికి చెప్పాడు, ఆ ఇంకొకడు మరొకడికి. ఇప్పుడు ఆవిడ వాట్సాప్ గ్రూపులో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం పిల్లలు ఇరవై మందికి పైనే ఉన్నారు. కొందరిది ఒడియా మీడియం, కొందరిది సీబీఎస్‌ఈ ఇంగ్లిష్. అందరికీ ఇంట్లో మాట తెలుగే. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

రాత్రి అంట్లు సర్దుకుని ఫోన్ తీస్తే పదకొండు దాటేదాకా ఫొటోలే. "మేడం, ఏడో లెక్క." "మేడం, అర్జంటు." ఆవిడ లెక్కని కాగితం మీద మొదటి మెట్టు నుంచి చివరి దాకా చక్కగా చేసి ఫొటో పంపుతారు. అటునుంచి ఒక దండం బొమ్మ వస్తుంది. "ఆ దండం బొమ్మ కోసమే నిద్ర మానుకుంటున్నానేమో అనిపిస్తుంది ఒక్కోసారి" అని రాశారు.

గొడవ మేనల్లుడితో వచ్చింది. భర్త అక్కగారి కొడుకు బరంపురంలో సీబీఎస్‌ఈ పదకొండో తరగతి చదువుతున్నాడు. బడి తెరిచినప్పటి నుంచీ వాడి ఫిజిక్స్ హోంవర్కంతా అత్త చేసి పంపిందే. అర్ధసంవత్సర పరీక్షలో థియరీలో 70కి 9 వచ్చాయి. టీచరు తల్లిదండ్రుల్ని పిలిపించి, హోంవర్కు పుస్తకాన్నీ ఆన్సరు షీటునీ పక్కపక్కన పెట్టి, "ఈ లెక్కలు ఇంట్లో ఎవరు చేస్తున్నారు?" అని అడిగారట. ఆ రాత్రే వదిన ఫోన్ చేసి, అత్తగారు కూడా వింటుండగా, "సాయం చేస్తున్నావనుకున్నాం. వాడి బుర్ర మొద్దుబార్చేశావు" అన్నారు. భర్తేమో "అక్క కోపంలో అంది, పట్టించుకోకు. ఆ గ్రూపు కూడా వదిలేయ్" అని తేల్చేశారు. ఎనిమిదో తరగతి చదివే కూతురు మాత్రం, "అమ్మా, నేనూ నీ గ్రూపులో చేరి అడిగితే నాకూ చెప్తావా?" అంది.

ఈ గొడవ తర్వాత ఆవిడ పూర్తి జవాబులు ఆపి సూచనలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక కుర్రాడు "సూచనలెందుకు మేడం, ఆప్‌లో ఫొటో పెడితే మొత్తం చేసిచ్చేస్తుంది" అని గ్రూపులోంచి వెళ్లిపోయాడు. వెనకాలే ఇంకొందరు. ఇప్పుడు ఆవిడ అడుగుతున్నవి మూడు: గ్రూపు మూసేయాలా? డబ్బు తీసుకుంటే పిల్లలు సీరియస్‌గా ఉంటారా? మేనల్లుడి విషయంలో తప్పు నిజంగా నాదేనా?

*

అమ్మా, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిమ్మల్ని తొలుస్తున్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది.

తప్పు కొంత మీదే. కానీ వదినగారు అన్నంత కాదు. ఫొటో తీసి పంపి, వచ్చినదాన్ని చూసి రాసుకున్నవాడికి పదహారేళ్లు. తను చేస్తున్నదేమిటో తెలియని వయసు కాదు. నిండిన నోటుబుక్కు చూసి ఇంట్లోవాళ్లు మురిసిపోయారు. బడిలోనూ పరీక్ష దాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఇంతమంది ఉన్నారు ఇందులో. అయితే వీళ్లలో ఆ లెక్కల లోపల ఏముందో తెలిసినవారు మీరొక్కరే. మీ వంతు అక్కడుంది.

మీరు ఉత్తరంతో పాటు పంపిన రెండు లెక్కల్ని చూశాను. సంగతంతా వాటిలోనే ఉంది. హోంవర్కు లెక్క: నేల మీద నుంచి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువునా పైకి విసిరితే, తిరిగి నేలకు ఎంతసేపట్లో వస్తుంది? గురుత్వ త్వరణం 10 అనుకోమన్నారు. పైకి 2 సెకన్లు, కిందకి 2 సెకన్లు, మొత్తం 4. మీరు అందంగా చేసి పంపారు. పరీక్షలో వచ్చింది: 25 మీటర్ల ఎత్తున్న మేడ మీద నుంచి అదే వేగంతో పైకి విసిరితే నేలను ఎప్పుడు తాకుతుంది? మనవాడు 4 సెకన్లని రాశాడు. ఆ 4 సెకన్లకి బంతి తిరిగి మేడ అంచుకు మాత్రమే వస్తుంది. ఇంకా 25 మీటర్లు కిందకి పడాలి. వాడు లెక్కని చూడలేదు. "బంతి, పైకి, 20" అన్న మూడు మాటలు చూసి, మీ కాగితం మీది అంకెని గుర్తుతెచ్చుకున్నాడు.

వాడికి దూరం కట్టే సూత్రం, యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్, రాక కాదు. అది నిద్రలో లేపినా చెప్తాడు. రానిదల్లా ఆ సూత్రం దగ్గరికి వెళ్లేముందు చెయ్యాల్సిన పని: బొమ్మ గీయడం, మొదలు ఎక్కడో గుర్తు పెట్టుకోవడం, పైదిశ ప్లస్సా కిందిదిశ ప్లస్సా తేల్చుకోవడం. పైదిశ ప్లస్ అనుకుంటే వేగం ప్లస్ 20, త్వరణం మైనస్ 10, నేల మేడకన్నా 25 మీటర్లు కింద ఉంది కాబట్టి స్థానభ్రంశం మైనస్ 25. ఇవి వేసి సర్దితే టీ స్క్వేర్ మైనస్ 4టీ మైనస్ 5 సున్నాకు సమానం. టీ విలువ 5, లేదా మైనస్ 1. జవాబు 5 సెకన్లు. ఈ లెక్కలో కష్టమంతా ఆ మూడు గుర్తులు పెట్టేదాకానే. తర్వాతది పదో తరగతి పిల్ల చేసే పని. మీ కాగితాల మీద ఆ మూడు నిర్ణయాలూ మీరు మనసులో చేసేసుకుని, సూత్రంతో మొదలుపెట్టారు. వాడికి అందింది ఆ తర్వాతి భాగం. ఇది మీ ఒక్కరి సంగతి కాదు. లెక్క బాగా వచ్చినవాళ్లందరికీ ఉన్న జబ్బే. తమకి తెలియకుండా చేసే పనిని కాగితం మీద పెట్టరు.

ఆ మైనస్ 1 గురించి వాడు అడిగితే "కాలం మైనస్ ఉండదు, కొట్టేయ్" అన్నానని రాశారు. పరీక్షకి ఆ మాట చాలు. కానీ వాడంతట వాడు అడిగిన ప్రశ్న బహుశా అదొక్కటే! దానికి నిజంగానే అర్థం ఉంది. అదే బంతిని నేల మీద నుంచే ఎవరో విసిరి, అది మేడ అంచు దాటేటప్పుడు సరిగ్గా 20 వేగంతో పైకి పోతోందనుకుంటే, వాళ్లు దాన్ని ఒక సెకను ముందు, సెకనుకు 30 మీటర్ల వేగంతో విసిరి ఉండాలి. సరిచూసుకోండి: ఒక సెకనులో 30 లోంచి 5 పోతే 25 మీటర్లు, మిగిలిన వేగం 20. అటుపక్క అయిదో సెకను చివర నేలను తాకేటప్పుడూ వేగం 30యే. సమీకరణానికి మేడ సంగతి తెలియదు, బంతి దారి ఒక్కటే తెలుసు, అందుకే దారికి రెండు చివర్లనీ చూపించింది. ఇది చెప్పి ఉంటే వాడు పదిమందికి చెప్పుకునేవాడు. రాత్రి పదకొండింటికి పద్దెనిమిదో ఫొటో చేస్తూ ఇవన్నీ చెప్పడానికి ఎవరికి ఓపిక ఉంటుంది, అది వేరే మాట.

ఇక మీరు పట్టిన సూచనల దారి. ఇక్కడ మీతో కొంచెం పేచీ ఉంది. పూర్తి జవాబు పాపం, సూచన పుణ్యం అని మీరు ఒక్కసారిగా అటు తిరిగారు. అసలేమీ తెలియని పిల్లకి సూచన మీద సూచన ఇవ్వడం హింస. "ఏ సూత్రం వాడాలి?" "తెలీదు మేడం." "ఆలోచించు." "న్యూటన్ రెండో సూత్రమా?" "కాదు." "మూడోదా?" ఇది ఆలోచన కాదు, మీ మనసులో ఏముందో ఊహించే ఆట. వెళ్లిపోయిన పిల్లలందరూ సోమరులు కాకపోవచ్చు. కొందరు ఈ ఆటకి విసిగి ఉంటారు. కొత్త పాఠంలో పిల్లలకి పూర్తిగా చేసిన లెక్క ఒకటి కళ్లెదుట కావాలి. చూడకుండా ఎవరూ నేర్వరు. కాబట్టి వాళ్లు పంపిన లెక్కని అలాగే ఉంచి, దాని తోబుట్టువు లాంటిదాన్ని చేసి పంపండి. మేడ లెక్క పంపితే, బావిలోంచి పైకి విసిరిన రాయి లెక్క చెయ్యండి. ప్రతి మెట్టు పక్కనా "ఇక్కడ నేను ఇలా ఎందుకు అనుకున్నానంటే" అని ఒక్క వాక్యం రాయండి. ఆపైన వాళ్ల లెక్క వాళ్లది.

సూచన ఎవరికంటే, సగం దాకా వచ్చి ఆగినవాళ్లకి. ఎక్కడ ఆగారో తెలియాలంటే వాళ్లు చేసిన కాగితం మీకు కనపడాలి. "నువ్వు చేసినంత మేర ఫొటో పంపు, తప్పైనా సరే" అన్న ఒక్క నియమం పెడితే మీ పని సగం తగ్గుతుంది. తప్పుల్లోనే అసలు సమాచారం ఉంటుంది. ఒక ఉదాహరణ: 300 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతూ 420 మీటర్ల ప్లాట్‌ఫాం దాటడానికి ఎంతసేపు? ఒకడు 28 సెకన్లని పంపుతాడు. గంటకు 54 కిలోమీటర్లని సెకనుకు 15 మీటర్లుగా మార్చడం వాడికి వచ్చు, భాగహారం వచ్చు, రైలు పొడవునే మరిచాడు. ఇంకొకతి 720ని 54తో భాగించి 13 చిల్లర అంటుంది. ఈమెకి రైలు బొమ్మ కళ్లకు కట్టింది, యూనిట్లే చిక్కు. ఇద్దరికీ ఒకటే జవాబు, 48 సెకన్లు, అని పంపితే ఇద్దరి జబ్బూ అలాగే ఉంటుంది. మొదటివాడికి "ఇంజను ప్లాట్‌ఫాం మొదట్లో ఉన్నప్పుడు ఒక బొమ్మ, గార్డు పెట్టె ప్లాట్‌ఫాం చివర దాటినప్పుడు ఒక బొమ్మ గీసి పంపు" అనండి. గీస్తూ ఉండగానే నాలిక కరుచుకుంటాడు. రెండో అమ్మాయికి "54 దేనికి, 720 దేనికి, పక్కన యూనిట్లు రాసి పంపు" అంటే చాలు.

బీజగణితంలోనైతే సూచన కూడా అక్కర్లేదు, అంకెలు వేసి చూడమనండి. ఏ ప్లస్ బీ మొత్తం స్క్వేర్‌ని ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసినవాడిని రెంటికీ 1 వెయ్యమంటే ఒకపక్క 4, రెండోపక్క 2 వస్తాయి. ఆపైన మీరు వాదించే పనే లేదు.

ఒక మంచి ప్రశ్న మాత్రం దగ్గర ఉంచుకోండి. బంతి లెక్క చేసిన ప్రతివాడినీ అడగండి: పైన ఆగిన క్షణంలో బంతి త్వరణం ఎంత? ఎక్కువమంది సున్నా అంటారు. వేగం సున్నా, నిజమే. త్వరణం కూడా సున్నా అయితే బంతి అక్కడే ఆగిపోవాలి కదా, కిందకి ఎందుకొస్తోంది? ఇక్కడ జవాబు చెప్పకుండా ఒక రాత్రి వదిలేయండి.

ఆ వదిలేయడమే మీకు అన్నిటికన్నా కష్టమని నాకు అనిపిస్తోంది. మీరు రెండు నిమిషాల్లో జవాబిస్తారని పిల్లలకి తెలుసు, అందుకే లెక్క చదవకముందే ఫొటో తీస్తారు. అరగంట ఆలస్యమైతే కొంతమంది విసుగెత్తి తామే మొదలుపెడతారు, "వచ్చేసింది మేడం, వదిలేయండి" అని మెసేజ్ పెడతారు. ఆ మెసేజ్‌కి దండం బొమ్మ ఉండదు. దండం బొమ్మ గురించి మీరే రాశారు కాబట్టి చొరవ తీసుకుని అంటున్నాను: పొద్దుటి నుంచి ఇంట్లో ఎవరూ థాంక్స్ చెప్పని మనిషికి రాత్రి ఇరవై దండాలు వస్తే వాటిని వదులుకోవడం మాటలు కాదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే ఇకమీద మీకు థాంక్స్ తక్కువగా, ఆలస్యంగా వస్తాయి. దానికి ముందే సిద్ధపడండి.

ఆప్ సంగతి. కుర్రాడు అన్నది నిజమే, ఫొటో పెడితే మెట్లతో సహా చేసిచ్చే ఆప్‌లు ఇప్పుడు ప్రతి ఫోన్లో ఉన్నాయి. చాలాసార్లు జవాబు కూడా సరిగ్గానే ఉంటుంది. పూర్తి జవాబు ఇవ్వడంలో మీరు దానితో పోటీపడలేరు, పడనూ అక్కర్లేదు. పిల్ల జడిసి అడిగిందా, విసిగి అడిగిందా, అసలు అడగాల్సింది ఇదేనా అన్నది గొంతు వింటే మీకు తెలుస్తుంది. పైగా బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు అయిన పిల్లలు మీవాళ్లు. ఇంగ్లిష్‌లో మెట్లన్నీ రాసి, "ఇది నీ మాటల్లో చెప్పు" అంటే నోరు తెరవని వాళ్లు ఎంతమందో చూడండి. వారానికి ఒక్కసారైనా ప్రతి ఒక్కరినీ ఒక లెక్కని నిమిషం వాయిస్ మెసేజ్‌లో తెలుగులో చెప్పమనండి. "ముందుగాల బంతి పైకెల్తాది మేడం, తర్వాత..." అని మన యాసలో చెప్పగలిగితే వాడికి తెలిసినట్టే. చెప్పలేకపోతే, నోటుబుక్కు ఎంత శుభ్రంగా ఉన్నా తెలియనట్టే. మీకు దగ్గర్లోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు బడిపంతులుగా ఉంటూ అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల మాటలోనే పాఠం చెప్పాలన్నదే ఆయన పట్టుదల. సవర పిల్లలకి సవర ఎలాగో, ఈ పిల్లలకి ఫిజిక్స్‌లో మీ తెలుగు అలాగ. ఏ ఆప్ అయినా దీన్ని అందిస్తే అప్పుడు చూద్దాం.

గ్రూపు మూసేయాలా అన్నారు. మూసేస్తే ఇంట్లో గొడవ ఆగుతుంది, రాత్రిళ్లు మీవి అవుతాయి. పిల్లలు కొన్నాళ్లు వెతుక్కుని ఆప్‌కో ట్యూషన్‌కో అలవాటు పడతారు. ఎవరూ చెడిపోరు. కానీ వదిన మాట మీద మూసేశానన్న ముల్లు మీలో ఉండిపోతుంది, ఆరునెలలకి మళ్లీ ఎవరో ఫొటో పంపితే చేసిపెడతారు, కథ మొదటికొస్తుంది. అలసిపోయి మూస్తే సరే. అవమానంతో మూయడం మాత్రం నాకు నచ్చదు.

ఉన్నదున్నట్టు నడపడం జరగని పని, మీకూ తెలుసు.

డబ్బు తీసుకోవడం గురించి ఎక్కువ ఆలోచించాలి. రుసుము పెడితే ఊరికే ఫొటోలు పంపేవాళ్లు తగ్గుతారు, మీ వారికీ అత్తగారికీ మీ సమయానికి విలువ కనపడుతుంది. ఇది చిన్న విషయం కాదు. కానీ డబ్బిచ్చిన తండ్రి మార్కులు అడుగుతాడు. "వెయ్యి కట్టి కూడా మావాడే చేసుకోవాలా?" అన్న మాట మొదటి నెలలోనే వస్తుంది. కాబట్టి తీసుకుంటే జవాబులకి కాదు, గంటకి తీసుకోండి: వారంలో ఫలానా రెండు సాయంత్రాలు, అయిదారుగురు పిల్లలు, వీడియోలో కలిసి లెక్కలు చేయడం. హోంవర్కు చేసిపెట్టనని చేర్చుకునేటప్పుడే చెప్పండి. చుట్టాల పిల్లల దగ్గర తీసుకోలేరు, తీసుకోకండి కూడా. అయితే నియమం వాళ్లకీ అదే. ఊళ్లో ట్యూషన్లు చెప్పి బతికే టీచర్లకి మీ ఉచితం ఎప్పుడైనా కష్టం కలిగించిందేమో కూడా ఒకసారి కనుక్కోండి.

నాకైతే మధ్యేమార్గం మీ స్వభావానికి సరిపడేలా కనిపిస్తోంది. గ్రూపు ఉంటుంది, ఉచితంగానే. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే తెరిచి ఉంటుంది. మిగతా సమయం అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగు మార్చొచ్చు. తను చేసిన మేర కాగితం లేకుండా ఏ ఫొటోకీ జవాబు లేదు. ఒకరి లెక్కకి ఇంకొక పిల్ల జవాబివ్వొచ్చు, తప్పు చెప్పినా మీరు వెంటనే దిద్దొద్దు. దీని ఖర్చు ఇదీ: మొదటి నెలలో సగం మంది పోతారు. "మేడం మారిపోయారు" అంటారు. మిగిలిన పదిమందితో మీకు పని ఉంటుంది. ఇంకొక మాట, ఇది మీరు అడగలేదు: పిల్లలందరూ మైనర్లు, కొందరు ఆడపిల్లలు. ప్రతి ఇంటి నుంచీ ఒక పెద్దవాళ్ల నంబరు గ్రూపులో ఉండాలి. విడిగా రాత్రివేళ మెసేజ్‌లు, కాల్స్ వద్దు. మీ మీద అనుమానంతో కాదు, రేపు ఎవరో ఏదో అంటే మీకు రక్షణగా.

మేనల్లుడికి వద్దాం. వాడిని వదిలేస్తే మీకు హాయి, వాడికి నష్టం. నెత్తిన పెట్టుకుంటే మార్చిలో మళ్లీ మీ మీదే పడుతుంది. రెంటికీ మధ్య దారి కావాలంటే వదినగారితో ముందే మాట తేల్చుకోవాలి, అదీ మీ వారు పక్కన ఉండగా. ఈ రకంగా అనొచ్చు: "వదినా, మీరన్నదాంట్లో సగం నిజం ఉంది. వాడు అడిగిందల్లా చేసి పంపాను, అది పొరపాటే. ఇకమీద వాడి లెక్కలు నేను చెయ్యను. వాడు చేసింది చూసి ఎక్కడ తప్పుతున్నాడో చెప్తాను. సంక్రాంతి దాకా చూద్దాం. మీకు వద్దనిపిస్తే బరంపురంలోనే ఎవరి దగ్గరైనా పెట్టించండి, నాకేం కష్టం లేదు." ఆవిడ చల్లబడొచ్చు, "ఇప్పుడు చెప్తున్నావా" అని ఇంకొంచెం రేగొచ్చు. రేగితే ఆ రోజుకి ఊరుకోండి. సగం నిజమన్నారు కదా అని మిగతా సగం కూడా మోయకండి. మీ వారితో మాత్రం ఒకటి చెప్పాలి: పట్టించుకోకు అనడం ఓదార్పే, కానీ అక్కగారి ముందు ఒక్క మాట మీ తరఫున అని ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరం ఉండేది కాదేమో.

వదినగారు ఒప్పుకుంటే, కుర్రాడికి చెయ్యాల్సిన పని అనుకున్నంత పెద్దది కాదు. పదకొండో తరగతి సీబీఎస్‌ఈ ఫిజిక్స్ థియరీలో 70 మార్కులకి కొలతలు, చలనం, న్యూటన్ సూత్రాల పాఠాలు కలిసి 23, పని-శక్తి, భ్రమణం, గురుత్వాకర్షణ కలిసి 17. అంటే సగానికి పైగా యంత్రశాస్త్రమే, అదంతా బొమ్మ గీసి గుర్తులు పెట్టుకోవడం మీద నిలబడినదే. కొత్త పాఠాల వెంట పరుగెత్తకుండా బంతి దగ్గరికి, వాలుబల్ల మీది దిమ్మ దగ్గరికి వెనక్కి రండి. మొదటి రెండు వారాలు జవాబు వద్దు, బొమ్మలే పంపమనండి: దిమ్మ మీద ఏ బలాలు, ఎటువైపు. సూత్రం రాస్తే దిద్దకుండా వెనక్కి పంపండి. వాడు గింజుకుంటాడు, "అత్తా, టైం వేస్టు" అంటాడు. అననివ్వండి. వారానికోసారి పాత హోంవర్కులోంచి ఒక లెక్క తీసి అందులో ఒక్క విషయం మార్చి ఇవ్వండి, నేలని మేడ చేసినట్టు. నాలుగైదు వారాలకి వాడు మారిన విషయాన్ని పట్టుకుంటున్నాడా లేదా అన్నదే మీకు కొలబద్ద, మార్కులు కాదు. పట్టుకోకపోతే ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్లు కావాలి, ఫోన్ చాలదు. అప్పుడు వదినగారికి ఆ మాటే చెప్పేయండి.

మీ పాప మాటకి నేను చెప్పాల్సింది పెద్దగా లేదు, మీకు అర్థమైపోయే ఉంటుంది. ఒక హెచ్చరిక మాత్రం: ఎనిమిది నుంచి తొమ్మిది గ్రూపుకి ఇస్తే, పాపకిచ్చే సమయాన్ని కూడా లెక్కల పాఠంగా మార్చేయకండి. ఆ పిల్ల అడిగింది లెక్కలు కాదు.

ఇక, మీరు ఎక్కడా సూటిగా అడగలేదు గానీ ఉత్తరమంతా పరుచుకుని ఉన్న ప్రశ్న: నేను మళ్లీ టీచర్ని కాగలనా? ఒడిశా ప్రభుత్వ బడిలో ఉద్యోగమంటే ఒడియా చదవడం, రాయడం రావాలి, బీఎడ్ ఉండాలి, ఓటెట్ (ఒడిశా టీచర్ల అర్హత పరీక్ష) లాంటి పరీక్షలు గట్టెక్కాలి. దారి దూరమే. ప్రైవేటు సీబీఎస్‌ఈ బళ్లలో ఒడియా అడ్డం కాకపోవచ్చు, బీఎడ్ మాత్రం అడుగుతారు. బీఎడ్ ఇప్పుడు రెండేళ్ల కోర్సు. దూరవిద్యలో ఇంట్లో కూర్చుని చేసేద్దామంటే కుదరదు. ఆ సీట్లు ఇప్పటికే శిక్షణ పొందినవాళ్లకే. అంటే రోజూ కాలేజీకి వెళ్లే రెండేళ్లు, ఇంట్లో అందరూ సర్దుకోవాల్సిన రెండేళ్లు. రైలెక్కితే పార్వతీపురం దగ్గరే కాబట్టి అటువైపు కాలేజీలూ చూడొచ్చు, కానీ ఏ రాష్ట్రంలో ఉద్యోగం చెయ్యాలనుకుంటున్నారో ముందు తేల్చుకుని, స్థానికత నిబంధనలు అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి. డిగ్రీలో మామూలుగా 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు ఉంటుంది. పుట్టింటికి వెళ్లినప్పుడు మార్కుల మెమోలు బీరువాలోంచి తీసి, మీ శాతం ఎంతో చూసుకోండి.